డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల్లో ‘బహిరంగ ప్రదేశం’ ఏదో రాతపూర్వకంగా చెప్పండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల హోం శాఖ కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల డీజీపీలకు, రవాణా శాఖ కమిషనర్లకు

అయ్యా, అమ్మా,

మేం మోటారు వాహనాల చట్టం కేసుల్లో పనిచేసే న్యాయవాదులం. మా మనవి ఒక్కటే. తాగి బండి నడిపిన కేసుల్లో ఏది బహిరంగ ప్రదేశం కిందికి వస్తుంది, ఏది రాదు, ఆ సంగతిని కేసు కాగితాల్లో ఎలా రాయాలి అన్నదానిపై ప్రతి పోలీస్ స్టేషన్‌కూ చేరేలా ఒక స్టాండింగ్ ఆర్డర్ (సిబ్బంది అందరూ ఎప్పుడూ పాటించాల్సిన ఆదేశం) ఇవ్వండి.

రోడ్డు మీద బారికేడ్లు పెట్టి ఊదించే తనిఖీల్లో ఈ చిక్కు పెద్దగా రాదు. బార్ పార్కింగ్, ఫంక్షన్ హాల్ ఆవరణ, మాల్ సెల్లార్, గేటెడ్ కమ్యూనిటీ లోపలి రోడ్డు, కంపెనీ క్యాంపస్ దగ్గరికి వచ్చేసరికే అసలు గొడవ. అది ప్రైవేటు స్థలం, మాకు సంబంధం లేదని పోలీసు వెనక్కి తగ్గితే తాగినవాడు నిర్భయంగా స్టీరింగ్ పట్టుకుంటాడు. కేసు పెట్టినా స్థలం గురించి సరిగ్గా రాయకపోతే అది కోర్టులో నిలబడదు. రెండు విధాలా నష్టపోయేది ఆ దారిలో నడిచివెళ్లే మనిషే.

ముందు చట్టంలో ఏముందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 185వ సెక్షన్ ప్రకారం వాహనం నడుపుతున్న, లేదా నడపడానికి ప్రయత్నిస్తున్న వ్యక్తి రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండూ. ఈ జరిమానాలు 2019 సవరణతో వచ్చినవి. రోడ్డు మీద చలానా కట్టి వదిలించుకునే నేరాల జాబితాలో ఇది లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. శిక్ష పడితే 20వ సెక్షన్ కింద కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. 185లో ‘బహిరంగ ప్రదేశం’ అన్న మాటే లేదు. ఆ మాట ఉన్నది 203లో, అంటే ఊదమని అడిగే అధికారం ఇచ్చే సెక్షన్‌లో. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి గానీ, రవాణా శాఖ అధికారమిచ్చిన అధికారి గానీ బహిరంగ ప్రదేశంలో వాహనం నడుపుతున్న లేదా నడపడానికి ప్రయత్నిస్తున్న వ్యక్తిని, 185 కింద నేరం చేశాడని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉంటే, అక్కడే లేదా ఆ దగ్గరలో శ్వాస నమూనా ఇవ్వమని అడగొచ్చు. కాబట్టి వాదన నేరం దగ్గర మొదలవదు, పరీక్ష దగ్గర మొదలవుతుంది. ‘ఇది బహిరంగ ప్రదేశం కాదు, కాబట్టి ఊదమని అడిగే హక్కే మీకు లేదు, కాబట్టి ఆ రీడింగ్ చెల్లదు’ అన్నది డిఫెన్స్ లాయర్ వేసే మొదటి ప్రశ్న. దానికి జవాబు చార్జిషీట్‌లో లేకపోతే ఎంత రీడింగ్ వచ్చినా ప్రాసిక్యూషన్‌కు కష్టమే.

ఇక నిర్వచనం 2వ సెక్షన్‌లోని 34వ క్లాజులో ఉంది. ప్రజలకు ప్రవేశ హక్కు ఉన్న రోడ్డు, వీధి, బాట లేదా మరే స్థలమైనా బహిరంగ ప్రదేశమే. అది ఇటు నుంచి అటు వెళ్లిపోయే దారే కానక్కర్లేదు. స్టేజి క్యారేజీ బస్సులు ప్రయాణికులను ఎక్కించుకునే, దించే చోట్లను కూడా చట్టం పేరు పెట్టి కలిపింది. కనుక పుంత రోడ్డయినా, డొంక దారయినా, ఊరి చివర ఆగిపోయే సందయినా జనానికి నడిచే హక్కుంటే చాలు. ఆర్టీసీ బస్టాండ్ ఆవరణ గురించి అసలు చర్చే అక్కర్లేదు. పల్లెల్లో ట్రాక్టరు పొలంలో దున్నుతున్నంతసేపు ఈ ప్రశ్న రాదు, గట్టు దిగి డొంకలోకి వచ్చిందంటే వచ్చినట్టే.

చిక్కంతా ‘ప్రవేశ హక్కు’ దగ్గరే. ఈ మాటకు కోర్టులు సందర్భాన్ని బట్టి వేర్వేరు వెడల్పులు ఇచ్చాయి. ప్రమాద బాధితులకు బీమా పరిహారం ఇప్పించాల్సి వచ్చినప్పుడు బొంబాయి, మద్రాసు హైకోర్టుల ఫుల్ బెంచ్‌లు (ఎక్కువమంది జడ్జీల ధర్మాసనాలు) విశాలంగా చూశాయి. అనుమతితోనో ఆహ్వానంతోనో జనం వచ్చిపోయే ప్రైవేటు స్థలాలూ దీని కిందికి వస్తాయన్నాయి. పన్ను విషయంలో సుప్రీంకోర్టు బిగించి చదివింది. 2025 ఆగస్టులో విశాఖ ఉక్కు కర్మాగారం సెంట్రల్ డిస్పాచ్ యార్డు కేసులో, ప్రహరీ గోడ ఉండి, గేట్ల దగ్గర తనిఖీతో, అనుమతి ఉన్నవారినే రానిచ్చే ఆ ఆవరణ బహిరంగ ప్రదేశం కాదని, అక్కడే తిరిగే వాహనాలపై ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్ను చట్టం కింద పన్ను వేయడం కుదరదని తీర్పు ఇచ్చింది. 2019లో బిహార్ మద్య నిషేధ చట్టం కేసులో అదే సుప్రీంకోర్టు, రోడ్డు మీద వెళ్తున్న ప్రైవేటు కారు కూడా బహిరంగ ప్రదేశమేనని చెప్పింది. ఎందుకంటే ఆ రాష్ట్ర చట్టంలో ‘హక్కుగా అయినా, కాకపోయినా’ ప్రజలు చేరగలిగే చోటు అని రాసి ఉంది. మన మోటారు వాహనాల చట్టంలో ఆ మాటలు లేవు.

ఈ బిహార్ తీర్పును మన దగ్గర డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల్లో తెచ్చి పెట్టడం సరికాదని మా అభిప్రాయం. ఆధారపడాల్సింది మన నిర్వచనం మీద, ఆ స్థలానికి సంబంధించిన వాస్తవాల మీద. శిక్ష వేసే చట్టాన్ని కోర్టు సాధారణంగా ఇరుకుగానే చదువుతుంది. విశాఖ తీర్పు వచ్చాక డిఫెన్స్ చేతికి మంచి ఆయుధం దొరికింది. అందుకే స్థల వివరాలు ఇప్పుడు ఇంకా పక్కాగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది బార్, పబ్ పార్కింగ్. తాగిన మనిషి బండి ఎక్కేది అక్కడే, ఆపాల్సిందీ అక్కడే. లైసెన్సు ఉన్న బార్ అంటే చట్టబద్ధమైన వయసున్న ఎవరైనా డబ్బిచ్చి వెళ్లగలిగే చోటు. దాని పార్కింగ్‌లోకి వచ్చే బండిని ‘నువ్వు సభ్యుడివా’ అని ఎవరూ అడగరు. అలాంటి చోటును ఉక్కు కర్మాగారం యార్డుతో పోల్చడానికి వీల్లేదు. కానీ ఈ తేడాను పోలీసు కాగితం మీద పెట్టాలి. గేటు ఉందా, ఉంటే మూసి ఉందా తెరిచి ఉందా? వాచ్‌మన్ ఎవరినైనా ఆపుతున్నాడా, టోకెన్ ఇచ్చి పంపేస్తున్నాడా? అదే ఆవరణలో ఇంకా ఏ దుకాణాలు, ఆఫీసులు, ఏటీఎంలు ఉన్నాయి? ‘కస్టమర్లకు మాత్రమే’ అన్న బోర్డు ఉందా? వెనక వీధికి అటునుంచి దారి ఉందా? మహజరులో (సాక్షుల ముందు రాసే స్థల నివేదికలో) ఈ అయిదు సంగతులూ రాసి, గేటు, బోర్డు, బండి ఒకే ఫ్రేములో కనిపించేలా రెండు మూడు ఫొటోలు తీస్తే కేసు సగం బలపడుతుంది. ‘ఫలానా బార్ వద్ద వాహన తనిఖీలు చేయుచుండగా’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే స్థలం గురించి ఏమీ చెప్పనట్టే.

సభ్యులకే పరిమితమైన క్లబ్బులు వేరు. కార్డు చూపిస్తే గానీ గేటు తీయని చోట, అతిథి పేరు రిజిస్టర్లో రాసి పంపే చోట లోపల నిలబడి ఊదించడం కంటే గేటు బయట, బండి రోడ్డు ఎక్కిన చోట ఆపడమే మేలు. పది అడుగుల తేడాతో వివాదమే ఉండదు.

గేటెడ్ కమ్యూనిటీల విషయంలో గేటును చూసి నిర్ణయానికి రావద్దు. లేఅవుట్ అనుమతి కాగితాలు చూడండి. అనుమతి తీసుకునేటప్పుడు లోపలి రోడ్లను గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పగించి ఉంటే అవి ప్రజల రోడ్లే. తర్వాత అసోసియేషన్ గేటు పెట్టి గార్డును కూర్చోబెట్టినంత మాత్రాన ప్రజల హక్కు పోదు. రోడ్లు అసోసియేషన్ ఉమ్మడి ఆస్తిగా ఉండి, నివాసులు, వాళ్లు పిలిచినవాళ్లు తప్ప ఎవరూ రాకుండా నిజంగానే అడ్డుకుంటుంటే వాదనకు ఆస్కారం ఉంది. ప్రతి స్టేషన్ తన పరిధిలోని కాలనీల జాబితా తీసుకుని, రోడ్లు ఎవరి పేరున ఉన్నాయో మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి ఒక్కసారి రాయించుకుని ఫైల్లో పెట్టుకుంటే ఈ ప్రశ్నకు రాత్రి పదకొండింటికి రోడ్డు మీద జవాబు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ బహిరంగ ప్రదేశమన్న వాదన చాలా బలహీనం. అంతమాత్రాన పోలీసు చేతులు కట్టేసినట్టు కాదు. సెల్లార్లో బండి రివర్స్ చేస్తూ ఎవరినైనా గుద్ది ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహితలోని (నేరాలు, శిక్షల చట్టంలోని) 106వ సెక్షన్, అంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం, వర్తించడానికి స్థలం బహిరంగమా కాదా అన్న షరతే లేదు. ‘పబ్లిక్ వే’ (ప్రజల దారి) అన్న షరతు ఉన్నది 281లో, ర్యాష్ డ్రైవింగ్‌కు. అలాగే భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతి చట్టం) 51వ సెక్షన్ కింద అరెస్టయిన నిందితుడిని డాక్టరుతో పరీక్ష చేయించి రక్తం తీయించే అధికారం పోలీసుకు ఉంది. దానికీ స్థలంతో పని లేదు. 2019 సవరణ 185లోనే ‘ల్యాబొరేటరీ పరీక్షతో సహా మరే పరీక్షలోనైనా’ అన్న మాటలు చేర్చింది. కాబట్టి ప్రైవేటు ఆవరణలో ప్రమాదం జరిగితే 203 దారి మూసుకుపోయిందని ఆల్కహాల్ పరీక్షే మానేయడం తప్పు. వెంటనే 51 కింద రక్తం తీయించండి. స్టాండింగ్ ఆర్డర్‌లో మరేది ఉన్నా లేకపోయినా ఈ ఒక్క వాక్యం ఉండాలి.

రోడ్డు మీద పోలీసును చూసి బండిని ఇంటి సెల్లార్లోకి తోలేసి ‘ఇక నన్నేం చేయలేరు’ అనేవాళ్లున్నారు. నడిపింది రోడ్డు మీద, పరీక్ష ‘అక్కడే లేదా దగ్గరలో’ చేయొచ్చని 203 చెబుతోంది. అయితే అతన్ని రోడ్డు మీద ఎక్కడ, ఎన్ని గంటలకు చూశారో, ఎంత దూరం వెంట వెళ్లారో, మధ్యలో కంటి నుంచి తప్పిపోయాడా లేదా రాయాలి. తప్పిపోతే ‘ఇంటికొచ్చాకే తాగాను’ అంటాడు. ఆ దారిలోని సీసీ కెమెరా ఫుటేజీ ఆ రాత్రే అడిగి తీసుకోవాలి, ఆలస్యమైతే చెరిగిపోవచ్చు.

‘నడపడానికి ప్రయత్నం’ మీదా గందరగోళం ఉంది. మన చట్టంలో బండి దగ్గర ఉండటమే నేరం కాదు. వెనక సీట్లో పడుకున్నవాడిని, డ్రైవరు కోసం ఎదురుచూస్తూ తలుపు తీసి కూర్చున్నవాడిని 185 కింద పట్టుకోకూడదు. క్యాబ్ కోసం ఆగిన మనిషిని వేధిస్తే మరుసటిసారి అతను క్యాబ్ కోసం ఆగడు. డ్రైవర్ సీట్లో కూర్చుని ఇంజను స్టార్ట్ చేయడం, గేరు వేయడం, స్టాండు తీసి కిక్ కొట్టడం లాంటి పని కనిపించాలి, అది రాయాలి.

ఇక పరీక్ష సంగతి. పార్కింగ్‌లో ఊదించేటప్పుడు రోడ్డు మీద అంతగా ఎదురుకాని సమస్య ఒకటుంది. చివరి గుక్క తాగి రెండు నిమిషాల్లో బండి దగ్గరికి వచ్చినవాడి నోట్లో ఇంకా ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. మెషీన్ కొలవాల్సింది ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిని. నోట్లో మిగిలినది కలిస్తే రీడింగ్ అసలు కంటే పెరుగుతుంది. మౌత్‌వాష్, కొన్ని దగ్గు సిరప్‌ల వల్లా ఇంతే. దీనికి విరుగుడు పదిహేను నిమిషాల నిరీక్షణ. ఆ సేపు అతను ఏమీ తాగకుండా, తినకుండా, సిగరెట్ కాల్చకుండా చూసి, మొదలుపెట్టిన సమయం, ఊదించిన సమయం రెండూ రాయండి. ముందు ఖాళీ గాలితో మెషీన్ సున్నా చూపిస్తోందో లేదో చూడాలి. అతని కళ్లముందే కొత్త మౌత్‌పీస్ సీల్ విప్పాలి. ప్రింటవుట్ మీద మెషీన్ సీరియల్ నంబరు, తేదీ, సమయం, రీడింగ్ ఉండాలి, చివరిసారి క్యాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేసిన సర్టిఫికెట్ నకలు జత చేయాలి. మెషీన్ కూడా కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకమై ఉండాలని 203 వివరణే చెబుతోంది. రీడింగ్ 31, 33 దగ్గర వచ్చిన కేసులు కూలిపోయేది సాధారణంగా ఈ కాగితాలు లేకే. 30కి అటూఇటూ ఉంటే రెండోసారి ఊదించడం, అవసరమైతే రక్త పరీక్షకు వెళ్లడం మంచిది.

అదే సమయంలో ఆలస్యమూ శత్రువే. శరీరం గంటకు రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాముల వరకు ఆల్కహాల్‌ను తగ్గించుకుంటుంది. అంటే రెండు గంటలు గడిస్తే చట్టం పెట్టిన పరిమితికి దాదాపు సమానమైనంత మొత్తం కరిగిపోతుంది. మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్ కింద వారంటు లేకుండా అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టరుతో పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలి. రాత్రి డ్యూటీ డాక్టరు ఏ ఆసుపత్రిలో ఉంటారో ప్రతి స్టేషన్‌కూ ముందే తెలిసి ఉండాలి. రక్తం తీసే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు, ఆల్కహాల్ లేని యాంటిసెప్టిక్ వాడాలి, వాడినదేమిటో డాక్టరు రాయాలి. నమూనాను సోడియం ఫ్లోరైడ్ ఉన్న ట్యూబులో తీసుకుని సీలు వేసి చల్లగా ఉంచాలి, లేకపోతే సూక్ష్మజీవుల వల్ల లెక్క మారిపోతుంది. మహిళ నుంచి మగ డాక్టరు రక్తం తీయాల్సి వస్తే మరో మహిళ అక్కడ ఉండాలని 204 ఆదేశం.

ఊదను అన్నంత మాత్రాన తప్పించుకోలేరని జనానికీ తెలియాలి. నిరాకరిస్తే, తాగాడన్న సహేతుక అనుమానం ఉంటే, 203 కింద అరెస్టు చేయొచ్చు, 204 కింద రక్తం అడగొచ్చు. సరైన కారణం చూపకపోతే ఆ నిరాకరణనే 205 కింద అతనికి వ్యతిరేకంగా కోర్టు పరిగణించొచ్చు. కానీ వాసన వస్తోంది, తూలుతున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి అన్నంతతోనే పరీక్ష లేకుండా కేసు నడపాలని చూడొద్దు. అది సరిపోదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. ఆ లక్షణాలు అనుమానానికి కారణంగా పనికొస్తాయి, అందుకు వాటినీ రాయాలి.

బండి స్వాధీనం విషయంలో తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. తాగి నడిపాడన్న కారణంతో వాహనాన్ని సీజ్ చేసే అధికారం లేదు. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే అతనికి ఇవ్వాలి, లేకపోతే బంధువులనో స్నేహితులనో పిలిపించాలి, ఎవరూ రాకపోతేనే తాత్కాలికంగా భద్రమైన చోట ఉంచాలి. బార్ పార్కింగ్‌లో ఇది ఇంకా సులువు, బండి అక్కడే ఉంటుంది, తాళాలు మేనేజరు దగ్గర పెడితే సరి. లైసెన్సును మాత్రం 206 కింద తీసుకుని అనర్హత చర్య కోసం రవాణా అధికారికి పంపొచ్చు. తూలుతున్నవాడని తెలిసీ బండి తెచ్చి తాళాలు చేతిలో పెట్టే వ్యాలే (బండి పార్క్ చేసిపెట్టే) సిబ్బందిపైనా, అలా ఇవ్వమని చెప్పే యాజమాన్యంపైనా 188వ సెక్షన్, అంటే నేరానికి ప్రోత్సాహం, వర్తించే అవకాశం ఉంది. ఈ మాట ఎక్సైజ్ శాఖ ద్వారా ప్రతి బార్‌కూ లిఖితపూర్వకంగా చేరాలి. కేసు పెట్టడం కంటే ఆ నోటీసే ఎక్కువ బండ్లను ఆపుతుందని మా నమ్మకం.

దీర్ఘకాలంలో నిర్వచనాన్నే సరిచేయాలి. యాంత్రిక వాహనాలు కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని 35వ అంశం కాబట్టి రాష్ట్ర శాసనసభ సవరణ చేసి, రాజ్యాంగం 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం పొందొచ్చు. 202 నుంచి 205 వరకున్న సెక్షన్ల అవసరానికి ‘ప్రజలకు హక్కుగా గానీ, అనుమతితో గానీ, డబ్బు చెల్లించి గానీ ప్రవేశం ఉన్న చోటు’ అని చేర్చితే మాల్, బార్, ఫంక్షన్ హాల్, ఆసుపత్రి, కళాశాల ఆవరణలన్నీ వివాదం లేకుండా వస్తాయి. పన్ను, బీమా సెక్షన్లను కదిలించనక్కర్లేదు. ఒకే కుటుంబం వాడుకునే ఇంటి ప్రహరీ లోపలికి మాత్రం దీన్ని తీసుకెళ్లొద్దు. తన వాకిట్లో బండి జరుపుకునే మనిషి దగ్గరికి ఊదే మెషీన్ పట్టుకుని వెళ్లే అధికారం ఎవరికీ ఉండకూడదు, దాన్ని మేమే కోర్టులో సవాలు చేస్తాం.

సవరణకు సమయం పడుతుంది. స్టాండింగ్ ఆర్డర్‌కు ఒక సంతకం చాలు. దానికి తోడు తెలుగులో ఒక పేజీ స్థల వివరణ ఫారం తయారుచేసి బ్రీత్ ఎనలైజర్ ప్రింటవుట్‌తో పాటు ప్రతి చార్జిషీట్‌కూ జత చేయించండి. ఆర్డర్‌నూ ఫారాన్నీ మీ శాఖల వెబ్‌సైట్లలో పెట్టండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, బార్ యజమానులు, ఫంక్షన్ హాళ్లవాళ్లు తమ గేటు లోపల ఏం వర్తిస్తుందో ముందే చదువుకుంటారు.

ఇట్లు,
మోటారు వాహనాల చట్టం కేసుల్లో పనిచేసే కొందరు న్యాయవాదులు